ఉత్తర తెలంగాణలో ఆర్థిక అసమానత – సామాజిక స్థిరత్వం: జగిత్యాల, ఇంద్రవెల్లి అనుభవాల పరిశీలన

వ్యాససంగ్రహం

ఆర్థిక అసమానత పెరిగినచోట సామాజిక స్థిరత్వం దెబ్బతింటుందనే మాట సాధారణ సూత్రంగా చలామణిలో ఉంది. అయితే అసమానత తీవ్రంగా ఉన్న ప్రాంతాలన్నీ అలజడికి లోనుకావు. లోనైనవి కూడా అన్ని కాలాల్లో ఒకే తీరుగా ఉండవు. ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో 1970ల చివరి నుండి జరిగిన పరిణామాల ఆధారంగా, అసమానత ఏ పరిస్థితుల్లో అశాంతిగా మారుతుందో, ఏ పరిస్థితుల్లో నిశ్శబ్దంగా ఉండిపోతుందో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. భూమికి, అప్పుకు, వెట్టికి, వలసకు సంబంధించిన స్థానిక పదజాలాన్ని ఇందుకు ప్రధాన సాక్ష్యంగా స్వీకరించాను.

కుంచిక పదాలు: అసమానత, వెట్టి, నాగు, దండుగ, జగిత్యాల, ఇంద్రవెల్లి, గల్ఫ్ వలస, పోడు

1. ప్రవేశిక

సంపద కొద్దిమంది దగ్గర పోగుపడితే రాజ్యం నిలవదనే ఆలోచన కొత్తది కాదు. నగరరాజ్యాల్లో తిరుగుబాట్లకు మూలం అసమానతలో ఉందని క్రీస్తుపూర్వం నాలుగో శతాబ్దంలోనే అరిస్టాటిల్ తన ‘పాలిటిక్స్’ ఐదో భాగంలో చర్చించాడు. మనకు మరింత దగ్గరిది 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో డాక్టర్ అంబేడ్కర్ చేసిన ప్రసంగం. రాజకీయాల్లో ఒక మనిషికి ఒక ఓటు అనే సమానత్వం ఒకవైపు, సామాజిక ఆర్థిక జీవితంలో అసమానత మరొకవైపు ఉండే వైరుధ్యంలోకి దేశం అడుగుపెడుతున్నదని, దాన్ని త్వరగా తొలగించకపోతే అసమానతకు బలైనవారే ప్రజాస్వామ్య కట్టడాన్ని కూల్చివేస్తారని ఆయన హెచ్చరించాడు. ఆ తర్వాత మూడు దశాబ్దాలు నిండకముందే కరీంనగర్ జిల్లాలోని జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది.

అసమానతను కొలవడానికి ఆర్థికశాస్త్రంలో సూచికలున్నాయి. ఇటలీ గణాంకవేత్త కొరాడో గిని 1912లో ప్రతిపాదించిన గుణకం వాటిలో ప్రసిద్ధమైనది. ఎవరి దగ్గర ఎంత ఉందో ఆ అంకె చెబుతుంది గానీ, ఆ తేడాను మనుషులు ఎన్నాళ్ళు భరిస్తారో, ఎప్పుడు భరించలేమంటారో చెప్పదు. జగిత్యాల ప్రాంతంలో 1978కి ముందు తరంలోనూ గడి గడిగానే ఉంది, వెట్టి వెట్టిగానే ఉంది. మరి 1978లోనే ఎందుకు పగిలింది? ఈ ప్రశ్నకు సమాధానం అంకెల కన్నా ముందు ఆ ఊళ్ళలో వాడుకలో ఉన్న మాటల్లో వెదకవలసి ఉంటుంది.

2. నాగు, జీతం, దండుగ

ప్రామాణిక తెలుగులో ‘జీతం’ అంటే నెల చివర అందే వేతనం. తెలంగాణ పల్లెలో ‘జీతం ఉండటం’ అంటే అర్థం వేరు. ఏడాదికి ఇన్ని గింజలని మాట్లాడుకొని ఒక ఇంటికి రాత్రింబవళ్ళు కట్టుబడి పనిచేయడం అది. జీతగాడు పనిలో చేరేటప్పుడే పెళ్ళికో చావుకో అప్పు తీసుకుంటాడు. అప్పు తీరదు కనుక జీతమూ తీరదు. తండ్రి తీసుకున్న అప్పుకు కొడుకు పశువుల వెంట వెళ్ళడం సర్వసాధారణం.

ఆ అప్పు ఎందుకు తీరదో ‘నాగు’ అనే మాట చెబుతుంది. విత్తనాలకో తిండికో వానాకాలం మొదట్లో ఒక బస్తా గింజలు తీసుకుంటే, పంట చేతికి రాగానే బస్తాన్నర కొలవాలి. వడ్డీ యాభై శాతం, అదీ అయిదారు నెలలకు. పంట పోయి కొలవలేకపోతే బస్తాన్నరే అసలవుతుంది. మరుసటి పంటకు అది రెండుంబావు బస్తాలు, ఆ పై పంటకు మూడు బస్తాలు దాటుతుంది. రెండు పంటలు దెబ్బతిన్న కుటుంబం మూడో పంట నాటికి జీతగాడి కుటుంబంగా మారడానికి ఎవరి దుర్మార్గమూ ప్రత్యేకంగా అవసరం లేదు, ఈ గుణకారం చాలు. తెలుగు పరిశోధనల్లో దొర పాత్ర క్రూరత్వాన్ని గురించి పుటలకు పుటలు రాశాం. ఆ దొర ఇంటి గరిసె ఎలా నిండిందో లెక్క కట్టినవి మాత్రం తక్కువ.

‘దండుగ’ మరొకటి. నష్టం, వృథా అనే అర్థంలో ఈ మాట తెలుగువారందరికీ తెలుసు. తెలంగాణ ఊళ్ళలో దానికి అసలైన అర్థం జరిమానా. పొలం గట్టు తగాదా అయినా, ఆలుమగల గొడవ అయినా పంచాయితీ గడి ముందుకే వచ్చేది. ఇరుపక్షాల నుండీ ముందే కొంత సొమ్ము కట్టించుకొని, తీర్పు చెప్పి, ఓడినవాడికి దండుగ వేసేవారు. తీర్పు కూడా ఆదాయ మార్గమే అయింది. వీటన్నిటి మీద వెట్టి. చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ వంటి కులాలవారు గడికి ఉచితంగా చాకిరీ చేయాలి, వస్తువులు అందించాలి. పోలీసు పటేలు, మాలీ పటేలు, పట్వారీ అనే గ్రామాధికార పదవులు 1984లో రద్దయ్యేదాకా వంశపారంపర్యంగా ఆ కుటుంబాల్లోనో, వారి చెప్పుచేతల్లోనో ఉండేవి. అంటే అప్పు ఇచ్చేవాడు, పని ఇచ్చేవాడు, తీర్పు చెప్పేవాడు, భూమి ఎవరిదో కాగితం మీద రాసేవాడు ఒక్కరే. ఉత్తర తెలంగాణ అసమానతకు ఉన్న ప్రత్యేక లక్షణం ఇదేనని నా అభిప్రాయం. సంపదలో తేడా ఎంత ఉన్నా, అన్యాయం జరిగినవాడు మొరపెట్టుకోవడానికి మరో గడప ఉంటే ఆ సమాజం ఎంతోకొంత కాలం నెట్టుకొస్తుంది. ఇక్కడ ఆ మరో గడప లేదు.

3. కాగితం మీది చట్టం

లేని గడపను చూపించింది స్వాతంత్ర్యానంతర చట్టాలే. హైదరాబాద్ రాజ్యంలో 1949లో జాగీర్లు రద్దయ్యాయి. 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది. 1973లో భూసంస్కరణల చట్టం వచ్చింది. అయిదుగురు సభ్యుల కుటుంబానికి తరి భూమి అయితే నేల స్వభావాన్ని బట్టి 10 నుండి 27 ఎకరాలు, ఖుష్కి అయితే 35 నుండి 54 ఎకరాలు మించకూడదన్నది దాని సారాంశం. ఆ చట్టానికి పూనుకున్న ముఖ్యమంత్రి పి.వి.నరసింహారావు కరీంనగర్ జిల్లా మంథని నుండి శాసనసభకు ఎన్నికైనవాడే కావడం గమనించదగ్గది. చట్టం అమలుకాకముందే ఆయన పదవి పోయింది. అమలులోకి వచ్చింది 1975లో. ఈలోగా భూములు బంధువుల పేర్ల మీదికి, జీతగాళ్ళ పేర్ల మీదికి, కాగితం మీద విడిపోయిన కుటుంబాల పేర్ల మీదికి మారాయి. 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చి, కట్టుబానిస అప్పులు చెల్లవని ప్రకటించింది.

చట్టాల వల్ల భూమి పెద్దగా చేతులు మారలేదు. కానీ ఒక మార్పు జరిగింది. అంతవరకు ‘రివాజు’గా ఉన్నది ఇప్పుడు ‘నేరం’ అయింది. వెట్టి చేయించుకోవడం తప్పని సర్కారే చెప్పింది. ఆ మాట మోసుకొచ్చినవారు ఊరి నుండి కరీంనగర్, వరంగల్, హైదరాబాద్ కాలేజీలకు వెళ్ళి తిరిగివచ్చిన తొలితరం యువకులు. అత్యవసర పరిస్థితి ముగిశాక 1978 వేసవిలో రాడికల్ విద్యార్థులు ‘గ్రామాలకు తరలండి’ అనే కార్యక్రమం చేపట్టినప్పుడు రైతుకూలీ సంఘాల మొదటి కోరికల్లో చాలావరకు చట్టంలో అప్పటికే ఉన్నవే. వెట్టి మానిపించడం, కూలిరేట్లు పెంచడం, దొరలు ఆక్రమించిన బంచరాయి, శికం భూములను విడిపించడం. వీటితోపాటు చట్టపుస్తకంలో లేని కోరిక ఒకటి ఉంది. ఏళ్ళ తరబడి వసూలు చేసిన దండుగలు తిరిగి ఇవ్వాలన్నది అది. చాలా ఊళ్ళలో పెద్దమనుషులను కూర్చోబెట్టి పాత పంచాయితీలు తిరగదోడి ఆ సొమ్ము వాపసు చేయించారు. నాకు ఇది భూమి ఆక్రమణ కన్నా లోతైన చర్యగా కనిపిస్తుంది. ఎవరు ఎవరికి బాకీ అనే లెక్కనే ఊరు తిరగరాసింది.

1978 సెప్టెంబరు 7న జగిత్యాలలో జరిగిన రైతుకూలీల ఊరేగింపు, సభ ‘జగిత్యాల జైత్రయాత్ర’గా పేరుపొందింది. చుట్టుపక్కల పల్లెల నుండి వేలాదిమంది వచ్చారు. లొంగనివారి మీద ఊరు ప్రయోగించిన ఆయుధం సాంఘిక బహిష్కరణ. చాకలి బట్టలు ఉతకడు, మంగలి గడపెక్కడు, జీతగాడు పశువులు విప్పడు. వెట్టి ఏ కులాల చాకిరీ మీద నడిచిందో ఆ కులాల చాకిరీ ఆగిపోవడంతో గడి పొయ్యి వెలగని స్థితి వచ్చింది. పలువురు దొరలు పట్నాలకు తరలిపోయారు.

1978 అక్టోబరులో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాల మీద కల్లోలిత ప్రాంతాల చట్టం ప్రయోగించారు. ‘కల్లోలం’ అంటే సంస్కృతంలో పెద్ద అల. అల కనబడితేనే కల్లోలం. నాగువడ్డీ కొలిచిన కాలం, దండుగ కట్టిన కాలం ప్రభుత్వ దస్త్రాల్లో శాంతియుతమైన కాలమే. ‘శాంతిభద్రతలు’ అనే జంటపదాన్ని మన పత్రికలు ఒకే మాటగా వాడతాయి. జగిత్యాల అనుభవంలో ఆ రెండూ విడివిడి విషయాలు. శాంతి ఉన్న రోజుల్లో కూలికి భద్రత లేదు, కూలి భద్రత అడిగిన రోజున శాంతి లేదని ప్రకటన వెలువడింది.

అల్లం రాజయ్య ‘కొలిమంటుకున్నది’ నవల ఈ వాతావరణం నుండే వచ్చింది. దాన్ని ఉద్యమ సాహిత్యంగా వర్గీకరించి పక్కన పెట్టడం మన విశ్వవిద్యాలయాల్లో పరిపాటి. భూమి, కూలి, అప్పు అనే మూడు సంబంధాలు ఒకదానితో ఒకటి ఎలా ముడిపడ్డాయో తెలుసుకోవడానికి ఆ నవలను ఆర్థిక పత్రంగా చదవవచ్చు. జగిత్యాలకు చెందిన బి.ఎస్.రాములు బీడీ కార్మికుల మీద రాసిన ‘బతుకు పోరు’ కూడా అలా చదవదగినదే.

తర్వాతి పాతికేళ్ళ చరిత్ర రక్తసిక్తమైనది. 1980లో పీపుల్స్ వార్ ఏర్పడింది. నిర్బంధం, ఎదురుకాల్పులు, ఎన్‌కౌంటర్లు, ఇన్‌ఫార్మర్లన్న ముద్రతో జరిగిన హత్యలు, దళాలకు అన్నం పెట్టినందుకు ఒకవైపు, పెట్టనందుకు మరొకవైపు దెబ్బలు తిన్న కుటుంబాలు. చనిపోయినవారిలో పోలీసు కానిస్టేబుళ్ళయినా, దళ సభ్యులయినా, ఊరివారయినా ఎక్కువమంది పేద కుటుంబాల పిల్లలే. అసమానత సామాజిక స్థిరత్వానికి ముప్పు అని చెప్పేటప్పుడు ఆ ముప్పును మోసేది ఎవరన్నది కూడా చెప్పుకోవాలి. గడి దొర హైదరాబాదుకు వెళ్ళి కాంట్రాక్టరుగానో, సినిమా హాలు యజమానిగానో స్థిరపడగలిగాడు. ఊరు మాత్రం అక్కడే ఉంది.

4. ఇంద్రవెల్లి

గోదావరి దాటి ఆదిలాబాద్ అడవుల్లోకి వెళితే ఇదే కథ మరో రూపంలో కనిపిస్తుంది. ఇక్కడ తేడా దొరకు, కూలికి మధ్య కన్నా, భూమి కాగితం ఉన్నవారికి, లేనివారికి మధ్య ఎక్కువ. జోడేఘాట్ వద్ద 1940లో కొమురం భీం మరణించిన తర్వాత నిజాం ప్రభుత్వం ఆ తిరుగుబాటు కారణాలను అధ్యయనం చేయడానికి మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను నియోగించింది. గోండుల భూములు చేజారిపోవడమే అసలు కారణమని ఆయన గుర్తించాడు. పట్టాలు ఇప్పించడం, మార్లవాయి కేంద్రంగా గోండి మాధ్యమంలో బడులు పెట్టడం వంటి పనులు ఆ దశలో జరిగాయి. తుపాకీతో అణచిన ప్రభుత్వమే ఆ వెంటనే కారణాన్ని అడిగి తెలుసుకోవడం ఆ కాలానికి అరుదైన విషయం. ఆ మేలు ఎక్కువకాలం నిలవలేదు. రోడ్లు వచ్చాయి, పత్తి వచ్చింది, వాటి వెంట మైదానాల నుండి రైతులు, వ్యాపారులు వచ్చారు. అప్పు కింద, సారా కింద, వేలిముద్ర కింద భూములు మళ్ళీ చేతులు మారాయి. 1982లో వెలువడిన ‘ట్రైబ్స్ ఆఫ్ ఇండియా’ గ్రంథంలో హైమన్‌డార్ఫ్ నాలుగు దశాబ్దాల కిందట తాను చూసిన గోండుల స్థితి ఎంతగా దిగజారిందో వివరించాడు.

చట్టం ఇక్కడా ఉంది. షెడ్యూల్డు ప్రాంతాల భూబదలాయింపు నిబంధనలు 1959లో వచ్చి, 1963లో తెలంగాణకు వర్తించాయి. వాటికి 1970లో చేసిన సవరణ, ఈ ప్రాంతాల్లో భూమి రుజువయ్యేదాకా గిరిజనుడిదేనని భావించాలని, గిరిజనేతరులకు బదలాయింపు చెల్లదని స్పష్టంగా చెప్పింది. దేశంలోని బలమైన చట్టాల్లో ఒకటిగా దీన్ని చెబుతారు. బలమైన చట్టం, బలహీనమైన అమలు - ఈ రెండూ కలిసినచోట మనసులో పుట్టే ఆగ్రహం చట్టమే లేనిచోట పుట్టేదానికన్నా పదునుగా ఉంటుంది. తన పక్షాన న్యాయం ఉందని తెలిసినవాడి ఆగ్రహం అది.

1981 ఏప్రిల్ 20 సోమవారం ఇంద్రవెల్లిలో అంగడి రోజు. గిరిజన రైతుకూలీ సంఘం సభకు ముందు ఇచ్చిన అనుమతిని చివరలో రద్దు చేశారు. ఆ సంగతి గూడేలకు చేరే వీలు లేదు. అంగడికి వచ్చేవారు, సభకు వచ్చేవారు కలిసే వచ్చారు. పోలీసు కాల్పుల్లో 13 మంది మరణించారని ప్రభుత్వం ప్రకటించింది. హక్కుల సంఘాలు అంతకు ఎన్నో రెట్లు చెప్పాయి. అమరుల పేరిట కట్టిన స్తూపాన్ని కూల్చివేశారు, తర్వాత తిరిగి కట్టారు. ఏటా ఏప్రిల్ 20న ఆంక్షల మధ్య అక్కడికి వెళ్ళవలసిన పరిస్థితి దశాబ్దాలపాటు కొనసాగింది.

5. నిశ్శబ్దం ఎక్కడి నుండి వచ్చింది?

1978 నాటి కోరికలన్నీ తీరినందువల్లే కరీంనగర్ పల్లెలు సద్దుమణిగాయని అనలేం. వెట్టి పోయింది, దండుగలు పోయాయి. అవి చిన్న విజయాలు కావు. భూమి మాత్రం పెద్దగా పంపకం కాలేదు. ఊరు అశాంతిని వదిలించుకున్న దారి మరొకటి ఉంది. అది బొంబాయి మీదుగా దుబాయికి వెళ్ళింది.

ఆల్బర్ట్ హిర్ష్‌మన్ 1973లో రాసిన ఒక ప్రసిద్ధ వ్యాసంలో అసమానతను మనుషులు సహించే తీరుకు ఒక పోలిక చెప్పాడు. సొరంగంలో రెండు వరుసల్లో వాహనాలు ఆగిపోయాయి. పక్క వరుస కదలడం మొదలైతే మన వరుసలోనివారికి మొదట సంతోషమే, మన వంతు కూడా వస్తుందన్న ఆశతో. పక్క వరుసే కదులుతూ మనది కదలకపోతే ఆ సంతోషం కోపమవుతుంది. గల్ఫ్ వలస కరీంనగర్, నిజామాబాద్, నిర్మల్ పల్లెల్లో సరిగ్గా ఆ ఆశను నిలబెట్టింది. పక్కింటివాడు స్లాబు ఇల్లు కట్టాడు, నేనూ వెళితే కడతాను. ఊరి దొరతో తగాదా పెట్టుకోవడం కన్నా పాస్‌పోర్టు తీసుకోవడం సులువు. నా తరగతిలో తండ్రి చిరునామా అడిగితే మస్కట్, షార్జా అని చెప్పే విద్యార్థులు ఏటా ఉంటారు.

ఈ దారికీ తనదైన పదజాలం ఉంది. ఏ యజమాని దగ్గరైనా పనిచేసుకోవచ్చని ఆశపెట్టి అమ్మేది ‘ఆజాద్ వీసా’. కఫీలు దగ్గర నుండి తప్పుకొని కాగితాలు లేకుండా బతికేవాడు ‘ఖల్లివెల్లి’. ఏజెంటుకు కట్టే సొమ్ము నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి తెచ్చినదైతే ఏడాదికి 36 శాతం. నాగుతో పోలిస్తే తక్కువే, కానీ వడ్డీ కట్టేవాడు ఎడారిలో, భార్య బీడీల చాట ముందు ఉంటారు. సౌదీలో 2013లో నితాఖత్ నిబంధనల అమలు, 2020లో కరోనా - ఈ రెండు సందర్భాల్లోనూ వెళ్ళినవారు గుంపులుగా తిరిగివచ్చారు. పెద్దింటి అశోక్ కుమార్ ‘ఎడారి మంటలు’ నవల ఈ వలస బతుకును చిత్రించింది. వెళ్ళలేనివారి కథ సిరిసిల్ల మరమగ్గాలది. అక్కడ 1990ల చివరి నుండి కోపం బయటికి రాక లోపలికి తిరిగింది. నేత కార్మికుల ఆత్మహత్యలు వార్తల్లో వరుసగా కనిపించాయి. ఆదిలాబాద్ పత్తి రైతుదీ అదే దారి. ఆత్మహత్యను శాంతిభద్రతల సమస్యగా ఎవరూ లెక్కించరు. సామాజిక స్థిరత్వం అనే మాటకు అర్థం ఉంటే, అది కూడా ఆ లెక్కలోకి రావాలి.

6. ఎకరం కొలమానంగా

2018 మే 10న కరీంనగర్ జిల్లా హుజూరాబాద్ ప్రాంతంలోనే రైతుబంధు పథకం ప్రారంభమైంది. పంటకు ఎకరానికి 4,000 రూపాయలు. రెండెకరాల రైతుకు 8,000, యాభై ఎకరాల ఆసామికి 2 లక్షలు. కౌలుదారుకు సున్న. చిన్నరైతు విత్తనాల వేళ అప్పుకు వెళ్ళకుండా ఆ సొమ్ము ఆదుకున్న మాట నిజం. నాగు పుట్టింది కూడా ఆ వేళలోనే కనుక ఆ మేలును తక్కువ చేయలేం. అయితే సాయానికి కొలమానం భూమి కావడంతో, భూమిలో ఉన్న తేడా యథాతథంగా సాయంలోకి వచ్చింది. 2025 జనవరి 26న రైతు భరోసాగా మారినప్పుడు ఎకరానికి ఏడాదికి 12,000 రూపాయలన్నారు. అదేరోజు భూమిలేని ఉపాధి కూలీ కుటుంబానికి కూడా ఏడాదికి 12,000 ప్రకటించారు. భూమిలేనివారిని గుర్తించడం మెచ్చదగిన మార్పే. లెక్క ప్రకారం ఒక కుటుంబం ఒక ఎకరంతో సమానమైంది.

ఆదిలాబాద్‌లో ఒత్తిడి ఇప్పుడు పక్కకు తిరిగింది. 1976 నాటి సవరణ చట్టంతో తెలంగాణలో లంబాడాలు షెడ్యూల్డు తెగల జాబితాలోకి వచ్చారు. వారు కూడా పేదలే, వారి తండాలకూ భూమి లేదు. పరిమితమైన ఉద్యోగాలు, సీట్లు, భూమి కోసం రెండు పేద సముదాయాలు ఎదురెదురుగా నిలబడవలసి రావడం 2017 చివరలో ఉట్నూరు ప్రాంతంలో ఘర్షణలకు దారితీసింది. 2019 జూన్ చివర కాగజ్‌నగర్ మండలం సార్సాలలో మొక్కలు నాటడానికి వెళ్ళిన అటవీ అధికారిణి మీద దాడి జరిగింది. అక్కడ ఎదురుపడింది పోడు రైతు, ప్రభుత్వోద్యోగి. భూమి ఎవరిదో తేల్చవలసిన వ్యవస్థ ఆ పొలంలో లేదు. 2006 నాటి అటవీ హక్కుల చట్టం కింద దరఖాస్తులు ఏళ్ళపాటు నిలిచిపోయి, 2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లో మొదలుపెట్టి సుమారు 4 లక్షల ఎకరాలకు పోడు పట్టాలు ఇచ్చారు. చట్టానికి, పట్టాకు మధ్య గడిచిన ఆ పదిహేడేళ్ళ దస్త్రాలు మండల కార్యాలయాల్లో ఇంకా ఉన్నాయి. ఏ దరఖాస్తు ఏ కారణంతో తిరస్కరించారో, తిరస్కరణ పత్రం ఏ భాషలో, ఏ మాటల్లో రాశారో, గోండి, కొలామి మాట్లాడే దరఖాస్తుదారుకు అది ఎంత అర్థమైందో తెలుగు శాఖల పరిశోధకులు పరిశీలించదగిన విషయం. నాగు, దండుగ, ఖల్లివెల్లి వంటి మాటలను, వాటి వెనుక ఉన్న లెక్కలతో సహా సేకరించే పని కూడా దీనితోపాటు జరగాలి. జీతం ఉన్న తరంలో బతికి ఉన్నవారు ఊరికి నలుగురైదుగురికి మించి లేరు.